సుగ్గికి పోయిన మనిషిని యాప్ ఎక్కడ వెతకాలి?

దీపావళి దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇళ్లకు తాళాలు పడటం మొదలవుతుంది. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాజెల్లాతో, వంటసామానుతో గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్లిపోతాయి. ఈ వలసకు ఇక్కడి పేరు సుగ్గి. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఈ ప్రాంతంలో ఎక్కువ పొలాలు వాన మీద బతికేవే. పంట దెబ్బతిన్న ఏడాది సుగ్గికి పోయేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఊళ్లో ముసలివాళ్లు, వాళ్లకు అప్పగించిన కొందరు పిల్లలు మిగులుతారు. మళ్లీ ఉగాదికి గానీ తాళాలు తెరుచుకోవు.

ఆ నాలుగైదు నెలలూ ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం చేతిలోని ట్యాబ్ మాత్రం తన లెక్క తాను చెబుతూనే ఉంటుంది. ఫలానా గర్భిణికి ఈ నెల పరీక్ష చేయాలి, ఫలానా బిడ్డకు రెండో డోసు టీకా వేయాలి, ఫలానా వ్యక్తికి బీపీ మళ్లీ చూడాలి అని డ్యూ లిస్టు చూపిస్తుంది. ఆ పేర్లలో చాలామంది మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, మిరప చేను గట్టున వేసుకున్న గుడారాల్లో ఉంటారు. వాళ్లు ఉంటున్న ఊరి ఏఎన్ఎం లిస్టులో ఆ పేర్లు ఉండవు. సొంతూరి లిస్టులో పేరుంది, మనిషి లేదు. వచ్చిన ఊళ్లో మనిషి ఉంది, పేరు లేదు.

వనరులు తక్కువున్న చోట్ల డిజిటల్ ఆరోగ్య పరికరాల గురించి మాట్లాడేటప్పుడు నెట్ సిగ్నల్, కరెంటు, ఫోన్ల ధర గురించే ఎక్కువ చర్చ జరుగుతుంది. అవీ ముఖ్యమే. కానీ పడమటి కర్నూలులో అసలు చిక్కు అంతకంటే లోతున ఉంది. మన ఆరోగ్య సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా మనిషిని చిరునామాతో గుర్తుపడుతుంది. అందరికంటే పేదవాళ్లకు ఏడాదిలో దాదాపు సగం కాలం ఆ చిరునామా పనికిరాదు. అంటే ఆ పరికరం ఎవరికోసం పుట్టిందో సరిగ్గా వాళ్లనే పోగొట్టుకుంటోంది.

దీనికి ఎదురుగా 108ని పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు కొద్ది ఏళ్లలోనే రాష్ట్రమంతా పాకింది, తర్వాత వేరే రాష్ట్రాలకూ వెళ్లింది. దానికి వాడేవాళ్ల వైపు నుంచి కావలసింది మూడు అంకెలు, ఏదో ఒక ఫోను. చదువు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద విషయం, ఫోన్ ఎత్తిన మనిషి మొదట అడిగేది ‘ఇప్పుడు ఎక్కడున్నారు’ అని. ‘మీది ఏ ఊరు’ అని కాదు. కోసిగి గర్భిణికి పల్నాడు చేలో నొప్పులొస్తే 108 వస్తుంది. అదే గర్భిణికి రక్తం ఎంతుందో, ఇంతకుముందు బీపీ ఎలా ఉందో ఆ వ్యాన్‌లో వచ్చినవాళ్లకు చెప్పే ఏర్పాటు మాత్రం ఆమె దగ్గరున్న కాగితం కార్డే, అదీ ఆమె వెంట తెచ్చుకుని ఉంటే.

చిరునామా మీద కట్టడానికి కారణం లేకపోలేదు. మన ప్రజారోగ్య వ్యవస్థ మొత్తం పరిధుల మీద నిలబడింది. మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, వెయ్యిమందికి ఒక ఆశా కార్యకర్త. ఫలానా జనానికి ఫలానా మనిషి జవాబుదారీ అన్న ఈ పద్ధతి వల్లే టీకాలు గడపగడపకూ చేరాయి. 2009లో తల్లీబిడ్డల వివరాలను పేరుపేరునా కంప్యూటర్‌లోకి ఎక్కించే విధానం మొదలైనా, 2016లో ఏఎన్ఎంల కోసం ‘అన్మోల్’ యాప్ వచ్చినా, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఏర్పడి ప్రతి కుటుంబాన్నీ ఒక సచివాలయానికి మ్యాప్ చేసినా, అన్నీ ఆ పాత పరిధుల గీతల మీదే నడిచాయి. రిజిస్టర్‌లో ఉన్న గీతే స్క్రీన్ మీదికి వచ్చింది. రిజిస్టర్ ఊరు దాటలేదంటే అర్థం చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు ఆ ఇబ్బంది ఉండాల్సిన పనిలేదు.

ఈ విషయంలో రాయలసీమకు పాత అనుభవమే ఉంది, చాలామందికి గుర్తులేదు గానీ. వర్ణవివక్ష ముగిసిన తర్వాత దక్షిణాఫ్రికాలో మొదలై, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం పెంచిన ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్‌ను భారతదేశంలో మొదట ప్రయత్నించింది చిత్తూరు జిల్లా కుప్పంలో, 2000 ప్రాంతంలో. దాని వారసుడైన డీహెచ్ఐఎస్ 2 ఇప్పుడు 70కి పైగా దేశాల్లో వాడుకలో ఉంది. కుప్పం అనుభవం మీద పరిశోధకులు తర్వాత చాలా రాశారు. అందులో ఇప్పటికీ పనికొచ్చే మాట ఒకటుంది. ఆరోగ్య సమాచారం విషయంలో కొంచెం అనేది పనిచేయదు. జిల్లా అధికారికి సగం పీహెచ్‌సీల లెక్కలు కంప్యూటర్‌లో, సగం కాగితం మీద వస్తే ఆయన కాగితాన్నే నమ్ముకోవాలి, ఎందుకంటే పై అధికారికి జిల్లా మొత్తం లెక్క పంపాలి. అప్పుడు కంప్యూటర్‌లో కొట్టిన సగం శ్రమ వృథా. కాబట్టి పైలట్ దశలో, అంటే చిన్న ప్రయోగంగా, ఎంత బాగా నడిచినా, అందరినీ కలుపుకునేదాకా ఆ పరికరానికి విలువ రాదు. అందరినీ కలుపుకోవాలంటేనేమో ముందు దానికి విలువ ఉందని చూపించాలి. ఈ ముడి దగ్గరే ఎన్నో మంచి ప్రయోగాలు ఆగిపోయాయి. 2012లో ఉగాండా ఆరోగ్యశాఖ అయితే మొబైల్ ఆరోగ్య పైలట్లు మరీ ఎక్కువై, ఏదీ పైలట్ దాటడం లేదని కొత్తవాటికి కొన్నాళ్లు అనుమతులే ఆపేసింది.

కుప్పం పాఠాన్ని సుగ్గికి అన్వయిస్తే కొత్త సంగతి తెలుస్తుంది. ‘అందరూ’ అంటే అన్ని మండలాలూ అని ఇన్నాళ్లూ అనుకున్నాం. కర్నూలు జిల్లాలోని ప్రతి ఉపకేంద్రంలో ట్యాబ్ ఉన్నా, జనవరిలో కోసిగి గర్భిణుల్లో ఒక భాగం జిల్లాలోనే ఉండరు. కర్నూలు లెక్క పూర్తి కావాలంటే గుంటూరు, పల్నాడు ఉపకేంద్రాలు కూడా అందులో భాగం కావాలి. ఇక్కడ విస్తరణ అంటే మ్యాప్ మీద రంగు నింపుకుంటూ పోవడం కాదు, జనం నడిచే దారిని పట్టుకోవడం. ఆదోని నుంచి గుంటూరు వెళ్లే దారి, ఆదోని నుంచి పొరుగునున్న ఆలూరు వెళ్లే దారికంటే ముందు కలవాలి. పరిపాలనా క్రమంలో చూస్తే ఇది వింతగా ఉంటుంది. జబ్బు, గర్భం, టీకా గడువు మాత్రం పరిపాలనా క్రమాన్ని చూసి రావు.

బిడ్డ టీకాల సంగతే తీసుకుందాం. కోరింత దగ్గు సహా ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేయాలి. నవంబరు మొదట్లో ఆరు వారాల డోసు వేయించుకుని తల్లితోపాటు సుగ్గికి పోయిన బిడ్డకు మిగతా రెండు డోసులూ మిరప చేల దగ్గరే పడాలి. అక్కడ పడకపోతే, ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి ఆ బిడ్డకు ఆరు నెలలు దాటుతుంది. కోరింత దగ్గు అందరికంటే ప్రమాదకరంగా ఉండే తొలి నెలలు రక్షణ సగంలోనే గడిచిపోతాయి. గర్భిణి విషయంలో ఆరో నెల నుంచి తొమ్మిదో నెల వరకూ, అంటే బీపీ పెరిగే ముప్పు, రక్తహీనత తేలే సమయమంతా సుగ్గిలోనే గడవచ్చు. కూలి కోసిన కాయల తూకాన్ని బట్టి వచ్చే చోట ఒక పూట ఆసుపత్రికి పోవడమంటే ఆ పూట కూలి వదులుకోవడమే. కొత్త ఊళ్లో ఆమె పేరు ఎవరి లిస్టులోనూ లేదు కాబట్టి వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ అరుదు.

పరికరాలు అసలు లేవని కాదు. కోవిడ్ టీకాల నమోదుకు వాడిన కోవిన్ అనుభవం మీద కట్టిన టీకాల నమోదు వేదిక యూ-విన్ 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చింది. బిడ్డకు ఎక్కడైనా టీకా వేయించుకునే వీలు ఇవ్వడం దాని లక్ష్యాల్లో ఒకటి. క్షయ రోగుల కోసం 2012 నుంచి నడుస్తున్న నిక్షయ్‌లో రోగికి దేశమంతా చెల్లే ఒక ఐడీ ఉంటుంది, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు రోగిని బదిలీ చేయవచ్చు. పోషకాహారం కోసం ఇచ్చే సొమ్ము, 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయినది, నేరుగా బ్యాంకు ఖాతాకే పోతుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఐడీ, ఆభా నంబరు కూడా మనిషికే గానీ ఊరికి కాదు. సాంకేతికంగా దారి ఉంది. ఆ దారిలో మనుషులు నడవడానికి అడ్డుపడేవి వేరే ఉన్నాయి.

మొదటిది, మనిషిని గుర్తుపట్టడం. కౌతాళం మండలంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడి ఉంది. ఆ చుట్టుపక్కల ఏ పల్లెలో చూసినా ఈరన్నలు, ఉరుకుందమ్మలు, వీరేశులు లెక్కకు మించి ఉంటారు. ఈరన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ‘ఐ’తో, ఒకరు రెండు ‘ఈ’లతో, ఇంకొకరు ‘వి’తో రాస్తారు. కోసిగిలో ఒక రకంగా ఎక్కిన పేరు గుంటూరులో ఇంకో రకంగా ఎక్కితే సాఫ్ట్‌వేర్‌కు వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. కొత్త రికార్డు పుడుతుంది, పాత వివరాలన్నీ పాత రికార్డులోనే ఉండిపోతాయి. పేరును తెలుగు లిపిలోనే రాసి, తెలుగు ఉచ్చారణ ప్రకారం దగ్గరి పేర్లను పోల్చే పద్ధతి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. హాలహర్వి, హొళగుంద వైపు కన్నడ మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి కాబట్టి ఆ పేర్ల తీరు కూడా దానికి తెలియాలి. చూడటానికి చిన్న పనే, కానీ ఇలాంటి పనుల మీద పెట్టే ఖర్చు అందమైన డ్యాష్‌బోర్డుల మీద పెట్టే ఖర్చుకంటే ఎంతో ఎక్కువ ఫలితమిస్తుంది.

ఫోన్ నంబరుతో గుర్తుపడదామంటే అదీ గట్టి ఆధారం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 48.9 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి. అయినా ఇంట్లో ఉన్న ఒక్క ఫోను భర్త జేబులో ఉంటుంది. అతను ఒక చేలో, ఆమె ఇంకో చేలో ఉంటే ఓటీపీ ఎవరు చెప్పాలి? ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే రద్దయ్యే అవకాశం ఉంది. చవక ఆఫర్ దొరికిందని సిమ్ మార్చడమూ మామూలే. ఓటీపీ వస్తేనే రికార్డు తెరుచుకుంటుందన్న నియమం దొంగలను ఆపడానికి పెట్టినదే అయినా, ఇక్కడ అది రోగిని గడప బయటే నిలబెడుతుంది.

రెండో అడ్డంకి గురించి ఎవరూ పెద్దగా రాయరు. అది లెక్క ఎవరి ఖాతాలో పడుతుందన్నది. సుగ్గికి పోయిన బిడ్డకు పల్నాడు ఏఎన్ఎం టీకా వేస్తే ఆమె టార్గెట్‌లో ఆ బిడ్డ లేదు. ఉన్న పనికి తోడు అదనపు పని, అదనపు ఎంట్రీ, తన దగ్గరున్న డోసుల లెక్కలో తేడా వస్తే సంజాయిషీ. కోసిగి ఏఎన్ఎంకేమో బిడ్డ టీకా మిస్సయిందని రివ్యూ మీటింగ్‌లో మాట పడుతుంది. ఇద్దరూ నిజాయితీగా పనిచేసేవాళ్లే అనుకున్నా, వ్యవస్థ ఇద్దరినీ తప్పు వైపు నెడుతోంది. ఒకరు చూడనట్టు ఉండటం, ఇంకొకరు ‘ఇల్లు తాళం’ అని నొక్కి ముందుకు పోవడం తేలికవుతుంది. ఇలా ‘ఇల్లు తాళం’ అని నమోదయ్యే ప్రతి ఎంట్రీ వెనుక ఒక కుటుంబం ఎక్కడో ఉందన్న సంగతి ఆ క్షణంలోనే మాయమైపోతుంది.

యాప్‌లో ‘సుగ్గికి పోయినారు’ అన్న ఒక స్థితి ఉంటే చాలా మారుతుంది. ఎక్కడికి, కూలీలను తీసుకెళ్లే ఏ మేస్త్రీతో, సుమారు ఎప్పటిదాకా అనే మూడు వివరాలు చాలు. బయలుదేరే ముందు దసరా, దీపావళి మధ్య ఆశా కార్యకర్త గర్భిణులను, ఏడాదిలోపు బిడ్డలను, క్షయ, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లను ఒక్కసారి అడిగితే ఈ సమాచారం దొరుకుతుంది. ఊళ్లో ఎవరెవరు ఎటు పోతున్నారో ఆశాకు తెలియకుండా ఉండదు. ఆమెకు తెలిసింది రాయడానికే స్క్రీన్ మీద చోటు లేదు. ఆ స్థితి నొక్కగానే పేర్లు తాత్కాలికంగా అవతలి మండలం డ్యూ లిస్టులోకి పోవాలి, అక్కడ చేసిన సేవ అక్కడి ఉద్యోగి ఖాతాలో పడాలి, సొంతూరి ఉద్యోగికి ‘మిస్సయింది’ అని కాకుండా ‘అక్కడ అందింది’ అని కనిపించాలి. చదువుల విషయంలో ఈ వాస్తవాన్ని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. సుగ్గికి పోయేవాళ్ల పిల్లలు బడి మానకుండా ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు తెరుస్తున్నారు. ఆరోగ్యశాఖ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం సీజన్ అనే మాటకు ఇంకా చోటు దొరకలేదు.

ఎంట్రీ భారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే బిడ్డ వివరాలు రిజిస్టర్‌లో ఒకసారి, ఒక యాప్‌లో ఇంకోసారి, మరో కార్యక్రమం యాప్‌లో మూడోసారి కొట్టాల్సి వస్తే క్షేత్రస్థాయి ఉద్యోగి రోజులో సగం ఫోన్‌కే పోతుంది. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను వేలల్లో తిరిగి ఇచ్చేశారు. ఫోన్లు హ్యాంగ్ అవుతున్నాయని, పోషకాహార వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఇంగ్లీషులో ఉందని వాళ్ల ఫిర్యాదు. దాన్ని టెక్నాలజీ మీద వ్యతిరేకతగా చూడటం తప్పు. రోజంతా ఇచ్చేదే తప్ప తిరిగి ఏమీ రాని చోట ఎవరైనా అలాగే చేస్తారు. ఏఎన్ఎం ఎక్కించిన సమాచారం ఆమెకే పనికొచ్చేలా, ‘ఈ వారం ఈ నలుగురిని ముందు చూడు’ అని చెప్పేలా ఉంటే, ఎంట్రీ ఎవరూ వెంటపడకుండానే జరుగుతుంది.

పనికొచ్చేలా చెప్పడం కూడా సగం పనే. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో 54 పల్లెల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి, ముప్పు ఎక్కువున్నవాళ్లను డాక్టర్ల దగ్గరికి పంపారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో ట్యాబ్ ఉన్న చోటికీ లేని చోటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశాలు పని చేశారు, సాఫ్ట్‌వేర్ పని చేసింది. కానీ మనిషిని కనిపెట్టాక అతనికి డాక్టరు దొరకాలి, నెలనెలా మందు అందాలి. వీటిని ఏ ట్యాబూ తయారు చేయలేదు. ఈ-సంజీవని వచ్చాక విలేజ్ క్లినిక్ నుంచే డాక్టరుతో వీడియోలో మాట్లాడే వీలు కలిగింది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులోనే దాన్ని మొదలుపెట్టిన రాష్ట్రం. సుగ్గి కుటుంబానికి దానివల్ల ఒక అదనపు ప్రయోజనం ఉండొచ్చు. గుడారం దగ్గరలోని విలేజ్ క్లినిక్ నుంచి మాట్లాడినా అవతలి డాక్టరుకు కోసిగిలో రాసిన చీటీ కనిపించేలా చేయగలిగితే, బీపీ మాత్ర పేరు మరిచిపోయిన మనిషికి మందు ఆగిపోదు.

మందు వేసుకున్నారో లేదో తెలుసుకోవడానికి 99డాట్స్ అని ఒక తెలివైన పద్ధతి వచ్చింది. మాత్రను అట్ట కవరులోంచి నొక్కి తీస్తే దాచిన ఫోన్ నంబరు బయటపడుతుంది, రోగి దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు డోసు వేసుకున్నట్టు నమోదవుతుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు పెద్దగా అక్కర్లేదు. తీరా మూత్ర పరీక్షలతో పోల్చి చూస్తే ఆ నమోదుకూ నిజంగా మాత్ర వేసుకోవడానికీ అంతగా పొంతన లేదని తేలింది. కాల్ రానంత మాత్రాన మాత్ర వేసుకోలేదని కాదు, వచ్చినంత మాత్రాన వేసుకున్నట్టూ కాదు. చవకైన, సులువైన పరికరాన్ని కూడా పరీక్షించకుండా నమ్మకూడదని దీనివల్ల తెలిసింది. ఆరు నెలల క్షయ మందుల కోర్సు మధ్యలో సుగ్గికి పోయే మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది వచ్చే నెల మాత్రలు ఎక్కడ తీసుకోవాలో తెలియడం.

గోప్యత మాట మరిచిపోకూడదు. మేస్త్రీ పేరు, చేను ఉన్న ఊరు రికార్డులోకి ఎక్కితే, ఆ సమాచారం తప్పు చేతుల్లో పడితే కూలి పోవచ్చు. గర్భిణి అని తెలిస్తే పనిలోకి తీసుకోని వాళ్లుంటారు. క్షయ, హెచ్ఐవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కానీ, ఊరందరి ముందు పెద్దగా చదివి వినిపించే వాయిస్ మెసేజ్‌ను, పదిమంది చేతులు మారే ఫోనును ఏ చట్టమూ కాపలా కాయలేదు. అలాంటి మెసేజ్‌లో జబ్బు పేరు లేకుండా ‘రేపు ఫలానా క్లినిక్‌కు రండి’ అని మాత్రమే ఉండాలి. ఇది సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడే తీసుకోవాల్సిన నిర్ణయం.

కాగితాన్ని తీసి పారేయాలన్న తొందర కూడా మంచిది కాదు. సుగ్గికి పోయే తల్లి రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకునేది తల్లీబిడ్డ కార్డునే. సిగ్నల్ లేకపోయినా, ఛార్జింగ్ అయిపోయినా అది మాట్లాడుతుంది. దాని మీద ఒక క్యూఆర్ కోడ్ ముద్రించి, ఓటీపీ లేకుండా ఏఎన్ఎం లాగిన్‌తో స్కాన్ చేస్తే కనీస వివరాలు తెరుచుకునేలా, నెట్ లేకపోతే ట్యాబ్‌లోనే దాచుకుని తర్వాత సింక్ అయ్యేలా చేస్తే పేరు స్పెల్లింగ్ గొడవ, ఫోన్ నంబరు గొడవ రెండూ ఒకేసారి తగ్గుతాయి.

దీన్ని పరీక్షించడానికి రాష్ట్రమంతా అక్కర్లేదు. కోసిగి మండలంలో కొన్ని ఉపకేంద్రాలు, అక్కడివాళ్లు ఎక్కువగా పోయే గుంటూరు, పల్నాడు మండలాల్లో కొన్ని ఉపకేంద్రాలు, ఒక్క సుగ్గి కాలం చాలు. డౌన్‌లోడ్‌లు ఎన్ని, ఎంట్రీలు ఎన్ని అన్న లెక్క పక్కన పెట్టి, దీపావళికి ముందు ఆరు వారాల టీకా వేయించుకుని బయలుదేరిన బిడ్డల్లో ఎందరికి 14 వారాల టీకా వేళకు పడింది, ఎందరు గర్భిణులకు అక్కడ ఒక్కసారైనా బీపీ చూశారు అని ఉగాదికి ఊళ్లోకి దిగిన రోజున తల్లుల కార్డులు తెరిచి చూడాలి.